ఏడ్చేవాళ్ళ పక్కన ఏడవనివాడు

2023 ఫిబ్రవరి 13 రాత్రి అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక సాయుధుడు కాల్పులు జరిపి ముగ్గురు విద్యార్థుల ప్రాణాలు తీశాడు. కొద్ది రోజులకే, అక్కడికి చాలా దూరంలో టెనెసీ రాష్ట్రంలో ఉన్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వారి పీబాడీ కాలేజీ నుంచి విద్యార్థులకు ఒక సంతాప సందేశం ఈమెయిల్‌గా వెళ్ళింది. ఒకరికొకరం తోడుగా ఉందాం, అందరినీ కలుపుకుపోదాం అన్న ధోరణిలో సాగిన మర్యాదైన ఉత్తరం. తప్పుపట్టే మాట ఒక్కటీ లేదు. కాకపోతే అడుగున బ్రాకెట్లో ఒక వాక్యం ఉంది, ఇది చాట్‌జీపీటీ ఇచ్చిన పాఠాన్ని బట్టి రాసింది అని. విద్యార్థులు మండిపడ్డారు. కాలేజీ క్షమాపణ చెప్పుకుంది.

ఆ ఒక్క వాక్యం లేకపోతే ఉత్తరం మంచిదే అయ్యేదా? అప్పుడైనా రాసింది యంత్రమే కదా! పోనీ, ఏ ఆఫీసులో ఏ గుమస్తా రాసినా ఇంచుమించు అవే మాటలు రాసేవాడు కాబట్టి గొడవంతా అనవసరమా? సంతాపం చెప్పేవాడి గుండెలో నిజంగా ఎంత నొప్పి ఉండాలి, అసలు ఉండాలా అన్నది చాట్‌జీపీటీతో పుట్టిన ప్రశ్న కాదు. రెండు వేల ఏళ్ళుగా తత్వవేత్తలూ మతాచార్యులూ దీనిమీద తగువులాడుకుంటూనే ఉన్నారు.

అమెరికన్లు సంతాప లేఖలన్నిట్లోకీ తలమానికంగా చెప్పుకునేది 1864 నవంబరు 21న బోస్టన్‌లోని లిడియా బిక్స్‌బీ అనే తల్లికి అధ్యక్షుడు లింకన్ పేరుతో వెళ్ళిన ఉత్తరం. అంతర్యుద్ధంలో ఆమె ఐదుగురు కొడుకులూ నేలకొరిగారని మసాచుసెట్స్ అధికారులు చెప్పిన మాట నమ్మి రాసింది. తీరా లెక్క తీస్తే యుద్ధరంగంలో పోయింది ఇద్దరే. మిగతావాళ్ళలో ఒకడు సర్వీసు ముగించుకుని క్షేమంగా బయటపడ్డాడు, ఒకడు సైన్యం వదిలి పారిపోయాడు. అసలు ప్రతి ఏమైందో జాడ లేదు. రాసింది లింకన్ కాదు, ఆయన కార్యదర్శి జాన్ హే అని చాలామంది పండితుల అనుమానం. లెక్కా తప్పే, రాసిందెవరో కూడా అనుమానమే. అయినా 1998లో వచ్చిన ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’ సినిమాలో జనరల్ మార్షల్ పాత్ర ఆ ఉత్తరాన్నే చదివి, మిగిలిన ఒక్క కొడుకునూ తల్లి దగ్గరికి చేర్చమంటుంది. ఉత్తరం విలువ ఎవరూ తగ్గించలేదు.

గుమస్తా చేత రాయించుకుంటే చెల్లింది, యంత్రం చేత రాయించుకుంటే చెల్లలేదు. ఈ తేడాకి కారణం పట్టుకోవాలంటే ముందు ‘కండోలెన్స్’ అనే మాటనే కాస్త తవ్వాలి. మన పట్టణాల్లో బ్యానర్ల మీద కూడా ‘కండోలెన్స్ మీటింగ్’ అని రాసుకునేంతగా అది మనకూ అలవాటైంది కదా.

మాట లాటిన్‌ది. ‘కాన్’ అంటే కలిసి, ‘డోలేరే’ అంటే నొప్పి పడటం. రెండూ కలిస్తే కలిసి నొప్పి పడటం. సిసెరో, సెనెకాల కాలపు రోమన్లకు ఇది వాడుక మాట కాదు. క్రైస్తవ లాటిన్‌లో వేళ్ళూనుకుంది. వల్గేట్ అనే లాటిన్ బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం రెండో వచనంలో కనిపిస్తుంది. ప్రధాన యాజకుడు తానూ బలహీనుడే కాబట్టి అజ్ఞానుల పట్ల, దారి తప్పినవాళ్ళ పట్ల ఎలా ఉండగలడో చెప్పే చోటు అది. లాటిన్ అనువాదం అక్కడ ‘కండోలేరే’ అంది, వాళ్ళతో కలిసి నొప్పి పడగలడని.

తమాషా ఏమిటంటే గ్రీకు మూలంలో ఉన్న మాటకు అర్థం అది కాదు. అక్కడున్నది ‘మెట్రియోపాథెయిన్’. ‘మెట్రియోస్’ అంటే మితమైన, ‘పాథోస్’ అంటే ఉద్వేగం. ఉద్వేగాన్ని మితంలో ఉంచుకోవడం అని భావం. అరిస్టాటిల్ సంప్రదాయం వాళ్ళు స్టోయిక్కుల ‘అపాథేయా’కి, అంటే ఏ ఉద్వేగమూ అంటని స్థితికి, పోటీగా నిలబెట్టిన ఆదర్శం ఇదే. పూర్తిగా రాయిగా మారొద్దు, పూర్తిగా కరిగిపోనూ వద్దు అని. మన తెలుగు బైబిలు అదే చోట ‘తాలిమి’ అంది. గ్రీకుకు దగ్గరగా నిలిచింది తెలుగే. లాటిన్ చెయ్యిపడి మితం కాస్తా సహబాధ అయింది. ఇంగ్లీషు వాళ్ళకు సంక్రమించింది ఆ రెండోదే.

ఇంగ్లీషులోకి పదహారో శతాబ్దం చివర వచ్చేసరికి దీని అర్థం ఇంకా కుదురుకోలేదు. ఒంటరిగా ఏడవడం, శోకించడం, జాలి పుట్టించడం, అన్నిటికీ వాడేశారు. షేక్‌స్పియర్ ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’ నాటకంలో బాటమ్ అనే నేతగాడు తనకు విషాద ప్రేమికుడి వేషం ఇచ్చారని తెలియగానే, చూసేవాళ్ళ కళ్ళ వెంట నీళ్ళు కారిపించేలా ‘కండోల్’ చేస్తానని కోతలు కోస్తాడు. ఆ మాట ఇంగ్లీషు సాహిత్యంలో మొదట్లో పేరు తెచ్చుకున్న చోటు ఇదే, అదీ ఒక ఔత్సాహిక నటుడి డాంబికంగా! తర్వాత రాజాస్థానాల మర్యాదల్లో చేరింది. ఒక రాజు చనిపోతే పొరుగు రాజుల రాయబారులు నల్లబట్టలతో వచ్చి పోయినవాడి గురించి కండోలెన్స్ చెప్పి, ఆ వెంటనే గద్దెనెక్కినవాడికి అభినందన చెప్పేవాళ్ళు. రెండు పనులకీ ఒకే ప్రయాణం సరిపోయేది.

ఇంతకీ కలిసి నొప్పి పడటం మంచిదా? రోమన్ స్టోయిక్ సెనెకా కాదన్నాడు. యువ చక్రవర్తి నీరోకి ఉద్దేశించి క్రీ.శ. 55, 56 ప్రాంతంలో రాసిన ‘డి క్లెమెంటియా’లో క్షమను ఆకాశానికెత్తి, జాలిని మాత్రం మనోవ్యాధి అన్నాడు. పొరుగువాడి కష్టం చూసి కుంగిపోయే మనసు కంటిజబ్బు లాంటిదని ఆయన ఉద్దేశం. ఇది రాతిగుండె బోధ అనుకుంటే పొరపాటు. ఆయన చెప్పే జ్ఞాని ఓడ మునిగినవాడికి చెయ్యి అందిస్తాడు, దేశం వెళ్ళగొట్టినవాడికి చోటిస్తాడు, లేనివాడికి డబ్బిస్తాడు, ఏడ్చే తల్లికి కొడుకును తెచ్చిస్తాడు. అన్నీ చేస్తాడు గానీ మొహం మారనివ్వడు. ఎదుటివాడి కన్నీళ్ళకు తన కన్నీళ్ళు కలపడు. చదువుతుంటే ఒళ్ళు కాస్త జలదరించే మాట నిజమే. కానీ అత్యవసర వార్డులో పనిచేసే నర్సును అడిగితే సెనెకా పక్షానే మాట్లాడవచ్చు.

స్టోయిక్కులకు గట్టిగా అడ్డం తిరిగినవాడు క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్. ‘దేవుని నగరం’ తొమ్మిదో పుస్తకంలో ఆయన రోమన్ రచయిత ఔలస్ గెల్లియస్ చెప్పిన ఒక కథ ఎత్తుకుంటాడు. సముద్రంలో తుఫాను చెలరేగితే ఓడలో ఉన్న ఒక స్టోయిక్ పండితుడి మొహం పాలిపోయింది. ఏ ఉద్వేగమూ అంటనివాడు ఎందుకు భయపడ్డాడని తోటి ప్రయాణికుడు ఎద్దేవా చేశాడు. అగస్టీన్ ఆ కథను ఇంకో మలుపు తిప్పాడు. ఆ పెద్దమనిషి తన చావు గురించి కాక తోటివాళ్ళ చావు గురించి పాలిపోయి ఉంటే ఎంత బాగుండేది అన్నాడు. ఆయన దృష్టిలో జాలి రోగం కాదు, సాయం చెయ్యమని మనల్ని ముందుకు తోసే బలం. ఇద్దరి వాదమూ చివరికి సాయం దగ్గరే కలుస్తుంది గానీ, సాయం చేసే మనిషి లోపల ఏం జరగాలన్న దగ్గర మళ్ళీ విడిపోతుంది.

వాదాలు పక్కనపెట్టి, నిజంగా ఒకడు ఇంకొకడిని ఓదార్చబోతే ఏమవుతుందో చూడటానికి ఒక మంచి దాఖలా ఉంది. క్రీ.పూ. 45 ఫిబ్రవరిలో రోమన్ వక్త సిసెరో కూతురు తుల్లియా పురుడైన కొద్ది వారాలకే చనిపోయింది. ఎంత వేదాంతం చదివినా ఆ తండ్రి తట్టుకోలేక జనానికి దూరంగా ఆస్తురా అనే సముద్రతీరపు ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ వేసవి రాకముందే గ్రీసు నుంచి మిత్రుడు సెర్వియస్ సల్పీషియస్ రూఫస్ ఉత్తరం వచ్చింది. సెర్వియస్ అప్పట్లో అక్కడి గవర్నరు, పేరుమోసిన న్యాయశాస్త్రవేత్త. తాను ఓడ మీద వస్తూ చూసిన దృశ్యం ఒకటి రాశాడు. వెనక ఎజీనా, ముందు మెగారా, కుడివైపు పిరేయస్, ఎడమవైపు కొరింత్. ఒకప్పుడు వెలిగిన పట్టణాలు, ఇప్పుడు శిథిలాలు. ఊళ్ళకు ఊళ్ళే శవాలై పడి ఉంటే, పుట్టినప్పుడే పోవడం ఖాయమైన ఒక మనిషి పోయిందని మనం ఇంత గింజుకోవడమేమిటి అని వాదన.

మన కిసాగోతమి కథ గుర్తొస్తుంది. చనిపోయిన బిడ్డను ఎత్తుకుని మందు కోసం వచ్చిన తల్లికి, చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు బుద్ధుడు. వాదన ఇద్దరిదీ ఒకటే, చావు నీ ఒక్క ఇంటికే రాలేదని. కానీ సెర్వియస్ దాన్ని ఉత్తరంలో రాసి పంపాడు. బుద్ధుడు ఆ తల్లిని గడప గడపకూ నడిపించాడు. ప్రతి ఇంట్లోనూ ఆమె ఒక పోయినవాళ్ళ కథ విని ఉంటుంది, తన కథ చెప్పుకుని ఉంటుంది. ఆవాల కోసం తిరిగిన ఆ తిరుగుడే ఓదార్పు అయింది. శిథిల నగరాల జాబితాలో ఆ వెచ్చదనం లేదు.

సిసెరో జవాబు మర్యాదగానే ఉంటుంది. నువ్వే దగ్గరుంటే ఎంత బాగుండేది అంటాడు, నీ ఉత్తరంలో నీ బాధ కూడా కనబడి ఊరట కలిగింది అంటాడు. వాదనను మాత్రం ఒప్పుకోడు. పూర్వం బిడ్డల్ని పోగొట్టుకున్న మహామహులకు రాజ్యవ్యవహారాలు ఉండేవి, ఇంట్లో దుఃఖాన్ని సభలో మరిచిపోయేవాళ్ళు. సీజర్ వచ్చాక నాకు ఆ సభ లేదు, మిగిలిన ఒక్క ఊరటా ఆ కూతురే, ఆమె కూడా పోయింది అంటాడు. మనిషి చావు ఎంత సాధారణమో చెప్పడానికి మిత్రుడు వస్తే, తన దుఃఖం ఎంత ప్రత్యేకమో తండ్రి చెప్పాడు. ఇవాళ్టికీ చావింట్లో జరిగే సంభాషణలు చాలావరకు ఇంతే. ‘అందరం పోవాల్సినవాళ్ళమే’ అన్నమాట ఎంత నిజమో అంత నిరుపయోగం.

ఎదుటివాడి బాధ అసలు మనలోకి ఎలా వస్తుంది అన్న ప్రశ్నను పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లండ్ వాళ్ళు శ్రద్ధగా పట్టుకున్నారు. ఒకే శ్రుతిలో బిగించిన తంత్రుల్లో ఒకటి మోగితే మిగతావీ మోగినట్టు బాధ ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది అన్నాడు డేవిడ్ హ్యూమ్. ఆయన మిత్రుడు ఆడమ్ స్మిత్‌కి అది చాలలేదు. అర్థశాస్త్ర గ్రంథం కంటే ముందు, 1759లో ప్రచురించిన నైతిక భావాల గ్రంథంలో స్మిత్ ఇంకో సంగతి పట్టుకున్నాడు. మనం ఊహలో ఎదుటివాడి చోట నిలబడతాం గానీ అతని నొప్పిని ఎన్నటికీ పూర్తిగా పడలేం. చూసేవాడి బాధ ఎప్పుడూ ఒక మెట్టు కిందే ఉంటుంది. ఆ సంగతి బాధపడేవాడికీ తెలుసు. అందుకే వచ్చినవాళ్ళు తనతో పాటు రాగలిగేంత వరకు తన శోకాన్ని తనే తగ్గించుకుంటాడు. అలా తగ్గించుకోవడంలోనే కాస్త నెమ్మది దొరుకుతుంది. పలకరించడానికి ఆప్తుడి కంటే అంతగా పరిచయంలేని మనిషి వచ్చినప్పుడు మనం కళ్ళు తుడుచుకుని సర్దుకుంటామే, ఆ సర్దుబాటును స్మిత్ అంత సూక్ష్మంగా గమనించిన తత్వవేత్త ఇంకొకరు కనిపించరు.

జర్మన్ తత్వవేత్త మాక్స్ షేలర్ ఇంకా కటువుగా గీత గీశాడు. బిడ్డ శవం పక్కన తల్లీ తండ్రీ నిలబడి ఉన్నారు. ఇద్దరిదీ ఒకే దుఃఖం. కలిసి దుఃఖించడం అంటే అదొక్కటే అంటాడు. అప్పుడే ఒక మిత్రుడు వచ్చాడు. అతను వాళ్ళ దుఃఖంలో లేడు, వాళ్ళ దుఃఖం గురించి దుఃఖిస్తున్నాడు. రెండూ వేరు. ఈ లెక్కన కండోలెన్స్ అనే మాట చెప్పినంతపనీ ఎప్పుడూ చెయ్యదు. పేరు ‘కలిసి’ అంటుంది, పని ‘పక్కన’ జరుగుతుంది.

దీన్ని లోపంగా కాక ఆచారంగా మార్చుకున్నవాళ్ళు హౌడెనోషోనీ ప్రజలు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇరాక్వాయ్ అని రాస్తారు. నేటి న్యూయార్క్ రాష్ట్రం, కెనడా ఒంటారియో ప్రాంతాల్లో మోహాక్, ఒనైడా, ఒనొండగా, కయూగా, సెనెకా జాతుల కూటమి వాళ్ళది. తర్వాత టస్కరోరా జాతి చేరింది. కూటమికి యాభై మంది పెద్దల పదవులున్నాయి. ఒక పెద్ద చనిపోయినప్పుడు ఆ దుఃఖం తీర్చి కొత్త పెద్దను నిలబెట్టే క్రతువుకు ఇంగ్లీషులో స్థిరపడ్డ పేరు కూడా కండోలెన్సే. జాతులన్నీ రెండు పక్షాలుగా ఉంటాయి. చావు వచ్చిన పక్షం దుఃఖపు పక్షం. రెండో పక్షాన్ని తేటమనసుల పక్షం అంటారు. తేటమనసుల వాళ్ళు అడవి అంచున నిప్పు దగ్గర కలుసుకుని, సముద్రపు గుల్లలతో చేసిన వాంపమ్ పూసల దండలు ఒక్కొక్కటే అందిస్తూ, ఒక్కో దండకు నిర్ణయించిన మాటలు చెబుతారు. మొదటి మాటలతో కళ్ళలో నీళ్ళు తుడుస్తారు, తర్వాత చెవుల్లో అడ్డుపడ్డ దుఃఖాన్ని తీస్తారు, ఆపైన గొంతులో ఇరుక్కున్నదాన్ని తీస్తారు. చూడాలి, వినాలి, మాట్లాడాలి. దుఃఖం ఈ మూడింటినీ మూసేస్తుందని, ఇవి తెరుచుకుంటే తప్ప మనిషి సభలో కూర్చోలేడని వాళ్ళ అవగాహన. కోర్టులో, పంచాయతీలో, ఇంట్లో ఎక్కడైనా తీరని దుఃఖం ప్రతీకారంగా మారుతుందని ఎరిగినవాళ్ళ వ్యవస్థ ఇది.

ఈ క్రతువు పుట్టుక గురించి వాళ్ళు చెప్పుకునే కథ మరీ బాగుంటుంది. కూతుళ్ళను పోగొట్టుకున్న హయవాథ అనే మనిషి అడవి పట్టి తిరుగుతూ పూసల దండలు గుచ్చి కర్రకు వేలాడదీసి, ఇంకెవరికైనా ఇలాంటి కష్టం వస్తే వీటిని పట్టుకుని ఓదార్చేవాణ్ణి కదా, నా దగ్గరికి ఎవరూ రాలేదే అని తనలో తను అనుకుంటాడు. శాంతిదూత అని వాళ్ళు పిలిచే మహనీయుడు అది విని, ఆ దండలే అందుకుని, ఆ మాటలే హయవాథకు తిరిగి చెబుతాడు. మాటలు సొంతవి కావు, కొత్తవి కావు. ఏడ్చేవాడే తయారుచేసి పెట్టుకున్నవి. కానీ తనకు తాను చెప్పుకుంటే పని చెయ్యలేదు, ఇంకొకరి నోట రావాల్సి వచ్చింది. హొరేషియో హేల్ 1883లో ఈ క్రతువు పాఠాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. అంతకు నూరేళ్ళ ముందే, సంతాప క్రతువు పూర్తికాకుండా ఏ సంధి చర్చా మొదలుకాదని తెలుసుకున్న బ్రిటిష్ అధికారి విలియం జాన్సన్ లాంటివాళ్ళు ఆ మాటలు నేర్చుకుని తామే జరిపారు.

ఈ వ్యవస్థలో తేటమనసుల పక్షం బాధపడుతోందా లేదా అని ఎవరూ అడగరు. బాధపడకుండా ఉండటమే వాళ్ళ అర్హత. హెబ్రీ పత్రికలోని గ్రీకు మాట చెప్పిన మితం ఇక్కడ ఒక పక్షానికి అప్పగించిన పనిగా కనిపిస్తుంది. మాటలు కూడా ముందే నిర్ణయమైనవి కాబట్టి, యంత్రం చెప్పినా ఒకటే కదా అనిపించవచ్చు. కాదు. వచ్చే ఏడు చావు అటుపక్షంలో జరగవచ్చు, అప్పుడు ఇవాళ ఏడ్చినవాళ్ళు తేటమనసుతో దండలు పట్టుకుని వెళ్ళాలి. తుడిచే చెయ్యి ఏదో ఒకనాడు తుడిపించుకోవాల్సిన చెయ్యి. జాన్ హేకి కూడా అది వర్తిస్తుంది, అతనూ చచ్చేవాళ్ళున్న ఇంటివాడే. చాట్‌జీపీటీ ఇంట్లో ఎవరూ చనిపోరు. పీబాడీ విద్యార్థుల కోపానికి ఇంతకంటే మంచి సమర్థన దొరకదు.

తెలుగు ఊళ్ళలోనూ లెక్క ఇదే. పెళ్ళికి పోకపోయినా ఫర్వాలేదు, చావుకు పోవాలి అంటారు. ‘వాళ్ళు మనింటికొచ్చారు’ అన్నది వెళ్ళడానికి చాలినంత కారణం. చావింటికి పిలుపు ఉండదు, కబురే. గుమ్మంలో ఎవరూ రండి అని ఆహ్వానించరు. లేచేటప్పుడు ‘వెళ్ళొస్తాం’ అనరు, చెప్పకుండానే కదులుతారు. శవం లేచేదాకా పొయ్యి వెలగదు కాబట్టి ఆ తర్వాత ఇరుగుపొరుగువాళ్ళో వియ్యాలవారో వండి పంపుతారు. ఇంట్లో అడుగుపెట్టగానే ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు కౌగిలించుకుని రాగం తీసి శోకాలు పెడతారు. చదువుకున్నవాళ్ళు వీటిని దొంగ ఏడుపులు అని నవ్వుతారు. దొంగ అనే మాట తొందరపాటు. ఆ ఏడుపులో పోయినవాడి గుణాలు, వాడు చేసిన పనులు, వాడికి తీరని కోరికలు అన్నీ వరసగా వస్తాయి. ఇంటి మనిషికి నోరు పెగలని వేళ ఇంకొకరు ఆ కథను చెప్పిపెడుతున్నారు. గొంతు తెరవడం అంటే హౌడెనోషోనీలు చెప్పేది అదే కావచ్చు.

ఈ రాకపోకలకు మనం వాడే ‘పరామర్శ’ తర్కశాస్త్రం నుంచి దిగివచ్చిన పెద్దమనిషి. తెలుగువాడైన అన్నంభట్టు తన ‘తర్కసంగ్రహం’లో పరామర్శ వల్ల పుట్టే జ్ఞానమే అనుమితి అన్నాడు. నిప్పు ఉన్నచోటే ఉండే పొగ ఈ కొండ మీద ఉంది అని గ్రహించడం పరామర్శ, కాబట్టి కొండ మీద నిప్పుంది అనుకోవడం అనుమితి. ఎదుటివాడి మనసు మనకు నేరుగా కనబడదు, గుర్తులను బట్టి ఊహించుకోవాల్సిందే. ధర్మకీర్తి అనే బౌద్ధ పండితుడు ఇతరులకు మనసు ఉందని రుజువు చెయ్యడానికే ఒక చిన్న గ్రంథం రాశాడు. చావింటికి వెళ్ళినవాడు తడికళ్ళు, వాడిన మొహం చూసి లోపల నిప్పుందని తెలుసుకుని వస్తాడు. ఆ నిప్పులో తను దూకినట్టు చెప్పుకోడు. కండోలెన్స్ కంటే పరామర్శ తక్కువ మాట ఇస్తుంది, ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుంది.

యూదులు ఇంకా జాగ్రత్తపరులు. చనిపోయిన వ్యక్తి కుటుంబం ఏడు రోజులు ఇంట్లో కింద కూర్చునే ‘షివా’ సమయంలో, దుఃఖంలో ఉన్నవాడు నోరు తెరిచేదాకా ఓదార్చ వచ్చినవాడు ఒక్కమాట కూడా మాట్లాడకూడదని తాల్ముద్ నియమం. దానికి ఆధారం బైబిల్లోని యోబు కథ. సర్వం పోగొట్టుకుని బూడిదలో కూర్చున్న యోబు దగ్గరికి ముగ్గురు మిత్రులు వచ్చి ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేలమీద కూర్చున్నారు. అంతవరకు వాళ్ళు ఆదర్శ మిత్రులే. ఎనిమిదో రోజు నుంచి వాదన మొదలుపెట్టారు. నీకీ కష్టం ఊరికే రాదు, ఏదో పాపం చేసి ఉంటావు అన్నారు. చివరికి దేవుడే వాళ్ళను మందలించాల్సి వచ్చింది. కర్మ పేరు చెప్పి చావింట్లో ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు మన దగ్గరా తక్కువేం కాదు.

ఘంటసాల గొంతులో భగవద్గీత మైకులో వినబడితే ‘ఎవరు పోయారు?’ అని అడిగేంతగా తెలుగునాట గీత చావుతో ముడిపడిపోయింది. ఆయన పాడింది చావు కోసం కాదు, గీత పుట్టిందీ చావింట్లో కాదు. అప్పటికి అర్జునుడికి ఎవరూ పోలేదు, పోతారేమోనని ముందే దుఃఖించాడు. నిజంగా పోయింది యుద్ధం పదమూడో రోజున, పదహారేళ్ళ అభిమన్యుడు. గీత విన్న అర్జునుడు ఆ సాయంత్రం విలవిల్లాడిపోయాడు. గీత చెప్పిన కృష్ణుడు చెల్లెలు సుభద్ర దగ్గరికి వెళ్ళాడు. ద్రోణపర్వంలో ఆ ఘట్టం చదివితే ఆశ్చర్యమేస్తుంది. వీరుడికి తగిన చావు, కాలానికి ఎవరూ అతీతులు కారు అంటాడు. సుభద్ర ఆ మాటల్ని దాటి ఏడుస్తూనే ఉంటుంది, పడిపోతుంది. కృష్ణుడు కూడా బాధపడుతూ ఆమె మీద నీళ్ళు చిలకరించి తేరుకునేలా చేస్తాడు. ఆత్మ నిత్యత్వం మీద అంత ప్రసంగం చేసినవాడికి ఆ రాత్రి పనికొచ్చినవి చల్లటి నీళ్ళు.

ఇక ఫోన్లలో చకచకా పంపే ‘ఆర్‌ఐపీ’ సంగతి. అది కండోలెన్స్ కాదు. కండోలెన్స్ బతికున్నవాళ్ళతో చెప్పేది, ఆర్‌ఐపీ చనిపోయినవాడి తరఫున దేవుడితో చెప్పేది. శాంతితో విశ్రమించుగాక అన్నది మృతుల కోసం చేసే కాథలిక్ ప్రార్థన. చనిపోయాక ప్రార్థనతో గతి మారదని నమ్మే ప్రొటెస్టంట్లలో కొందరికి అది గిట్టదు. 2017లో ఉత్తర ఐర్లండ్‌లో ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టంట్ సంఘం వర్గాలు ఆ మూడక్షరాలు వాడొద్దని తమవాళ్ళకు చెప్పడం పెద్ద చర్చే అయింది. తెలుగు క్రైస్తవులు ‘ప్రభువునందు నిద్రించారు’ అంటారు, శైవులు ‘శివైక్యం’ అంటారు, వైష్ణవులు ‘పరమపదించారు’ అంటారు. పోయినవాడు ఎక్కడున్నాడో ఎవరి మతం వాళ్ళు చెప్పుకోవచ్చు. పక్కింటివాడి దగ్గరికి వెళ్ళడానికి మాత్రం ఆ లెక్క తేలక్కర్లేదు.

అయితే క్రతువు చాలు, మనసుతో పని లేదు అనేస్తే ఎక్కడికి పోతామో ఐర్లండే చూపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం తటస్థం. 1945 ఏప్రిల్ 12న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చనిపోతే ప్రధాని డి వలేరా పార్లమెంటును వాయిదా వేసి సంతాపం తెలిపాడు. అదే నెల 30న హిట్లర్ చనిపోయాడు. మే 2న డి వలేరా డబ్లిన్‌లోని జర్మన్ రాయబారి ఎడ్వర్డ్ హెంపెల్‌ను కలిసి సంతాపం చెప్పి వచ్చాడు. బెర్గెన్-బెల్సెన్ శిబిరంలోని శవాల గుట్టల వార్తలు అప్పటికే పత్రికల్లో వస్తున్నాయి. లోకం దుమ్మెత్తిపోసింది. వాషింగ్టన్‌లోని తమ రాయబారికి రాసిన ఉత్తరంలో డి వలేరా వెనక్కి తగ్గలేదు. వెళ్ళకపోతే జర్మన్ జాతికీ హెంపెల్‌కీ అమర్యాద చేసినట్టు అన్నాడు, యుద్ధమంతా సవ్యంగా నడుచుకున్న మనిషిని ఓటమి వేళ మరింత చిన్నబుచ్చలేను అన్నాడు.

ఆయన హిట్లర్ కోసం కన్నీరు కార్చాడని ఎవరూ అనలేదు, అసలు అభియోగం అది కాదు. రెండు వర్గాలున్న ఊళ్ళో హత్య జరిగితే ఎవరు ఎవరి గడప తొక్కారో ఊరంతా చూస్తుంది. గడప తొక్కడం దుఃఖానికే కాదు, పక్షానికీ గుర్తు. డి వలేరా ఒక్క హెంపెల్ మొహమే చూశాడు. అదే సంతాపాన్ని అందుకోవాల్సిన లక్షల ఇళ్ళు ఐరోపా అంతటా ఉన్నాయి, వాటికి రాయబారి లేడు. మర్యాద తప్పలేదు గానీ చోటు తప్పింది. ఆ మర్నాడు ఐర్లండ్ అధ్యక్షుడు డగ్లస్ హైడ్ తరఫున ఆయన కార్యదర్శి కూడా హెంపెల్ దగ్గరికి వెళ్ళి సంతాపం తెలిపాడు. 2005లో పాత ఫైళ్ళు బయటికి వచ్చేదాకా ఆ సంగతి లోకానికి తెలియదు. అరవై ఏళ్ళపాటు తిట్లన్నీ డి వలేరా ఒక్కడే తిన్నాడు.